కూర్చుంటాడు సరే.. తోస్తే?

మా పెద్దనాన్న కొడుకొకాయన శామీర్‌పేట అవతల ఉంటాడు. రాజీవ్ రహదారి దిగి కాస్త లోపలికి పోతే వాళ్ల ఊరు. కల్లుగీత మా ఇంటి వృత్తి. నా చేతికి కీబోర్డు వచ్చింది, అన్న చేతికి మోకు వచ్చింది, అంతే తేడా. 2022 ఎండాకాలంలో తాటిచెట్టు మీంచి పడ్డాడు. వీపులో వెన్నుపూస విరిగి లోపలి వెన్నుపాము దెబ్బతింది. బొడ్డుకి నాలుగు వేళ్ల పైనుంచి కిందికి స్పర్శ లేదు, కదలిక లేదు. డాక్టర్ల భాషలో టీ8 పారాప్లీజియా.

ఈ టపా ఆయన చెట్టు మీంచి పడ్డ సంగతి గురించి కాదు. ఆటోలో పడ్డ సంగతి గురించి.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఓ కాగితాల కట్ట ఇచ్చారు. ఆపరేషను వివరాలు, వేసిన రాడ్లు, స్క్రూలు, మాత్రలు, మూత్రం గొట్టం మార్చే తేదీలు.. అన్నీ శుభ్రంగా రాసున్నాయి. ఆ ఆపరేషను చేసిన సర్జను మీద నాకే ఫిర్యాదూ లేదు, మనిషిని బతికించాడు. కానీ మూడో పేజీలో ఒక లైనుంది. "సిట్టింగ్ బాలెన్స్ - గుడ్". అంతే. మూడంటే మూడు మాటలు.

ఎనిమిది నెలల తరువాత ఓ రోజు వదిన, అన్న ఆటోలో వస్తున్నారు. ఔటర్ రింగు రోడ్డు పక్క సర్వీసు రోడ్డులో గేదె అడ్డమొచ్చింది. డ్రైవరు బ్రేకు వేశాడు. వదిన కూడా ముందుకి ఊగింది గానీ చెయ్యి చాచి కమ్మీ పట్టుకుంది. అన్న సీటు మీంచి జారి మోకాళ్ల మీద కూలబడ్డాడు. లేపి కూచోబెట్టారు. "నొప్పేమన్నా ఉందా?" అనడిగితే "నాకేం తెలుస్తది" అని నవ్వాడట. రెండ్రోజుల తరువాత స్నానం చేయిస్తుంటే వదిన గమనించింది, ఎడమ మోకాలి పైన వాచి, ముట్టుకుంటే కాలిపోతోంది. కాళ్లు మామూలు కన్నా ఎక్కువ కొట్టుకుంటున్నాయి. ఎక్స్‌రే తీస్తే తొడ ఎముక కింది కొస విరిగి ఉంది.

వెన్నుపాము దెబ్బతిన్నాక కిందిభాగంలో ఎముకలు గుల్లబారతాయి. మనకైతే దోక్కుపోయే పాటి దెబ్బకి వాళ్లకి విరుగుతుంది. పైగా విరిగినట్టు చెప్పే నొప్పి ఉండదు. అలాంటి మనిషి కాగితం మీద "బాలెన్స్ గుడ్" అని రాయడానికి చేసిన పరీక్ష ఏంటని అన్నని అడిగాను.

"ఏం లేదు తమ్మీ. మంచం మీద కూసోబెట్టిన్రు. కూసున్న. రాసుకున్నరు."

ఇదీ నా గోలకి మూలం.

* * *

నేను పదిహేనేళ్లుగా సాఫ్టువేరు టెస్టింగులో ఉన్నాను. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్లు చేసే మొదటి తప్పేంటో తెలుసా? లాగిన్ పేజీలో సరైన పేరు, సరైన పాస్‌వర్డు కొట్టి, లోపలికెళ్లి, "టెస్టు పాసయింది సార్" అంటారు. బాబూ, అన్నీ సక్రమంగా ఉన్నప్పుడు పనిచేస్తుందని నాకూ తెలుసు. మధ్యలో నెట్టు పోతే ఏం చేస్తుంది? అది చెప్పు.

నెట్‌ఫ్లిక్స్ వాళ్లు తమ దగ్గరున్న ఖేయాస్ మంకీ అనే ప్రోగ్రాము గురించి 2010లో లోకానికి చెప్పారు. దాని పనల్లా నడుస్తున్న సర్వర్లని ఎడాపెడా ఆపేయడం. అచ్చంగా కోతిపనే :) ఎందుకూ అంటే, ఎప్పుడో అర్ధరాత్రి దానంతటది పడిపోయే బదులు, మనం చూస్తుండగా మనమే పడగొడితే, మిగతా వ్యవస్థ ఎలా సర్దుకుంటుందో తెలుస్తుంది కాబట్టి. సినిమాలు చూపించే కంపెనీకే ఈ జ్ఞానం ఉంటే, మనుషుల్ని ఇంటికి పంపే చోట ఎందుకు లేదు?

బాలెన్సు అంటే కదలకుండా కూర్చోవడం కాదు. బాలెన్సు తప్పినప్పుడు ఒళ్లు ఏం చేస్తుందన్నది బాలెన్సు. దీన్నే ఫిజియోథెరపీలో బాలెన్సు రియాక్షన్లు అంటారు. స్థూలంగా మూడు రకాలు. మొదటిది, తలనీ మొండేన్నీ మళ్లీ నిటారుకి తెచ్చుకోవడం. రెండోది, మనం ఒక పక్కకి ఒరుగుతుంటే మొండెం రెండో పక్కకి వంగి, చేతులు కాళ్లు అటు చాచి, బరువుని సరిచేయడం. మూడోది, ఇక లాభం లేదనుకున్నప్పుడు చెయ్యి చాచి ఆనుకోవడం, నిలబడి ఉంటే అడుగు వేయడం. షేరాటోలో చివర కూర్చుని ప్రయాణం చేసిన ప్రతివాడూ ఈ మూడూ రోజుకి పదిసార్లు చేస్తాడు. చేస్తున్నట్టు వాడికే తెలియదు. సుమారు సెకనులో పదో వంతులో కండరాలు బిగుసుకుంటాయి. మనం ఆలోచించి చేసే పని అంత వేగంగా జరగదు.

వెన్నుపాము దెబ్బతింటే ఈ తీగ రెండు వైపులా తెగుతుంది. పిరుదులు, తొడలు, పాదాలు "బరువు ఇటు జరుగుతోంది" అని పంపే కబురు పైకి రాదు. మెదడు కాండం నుంచి "నడుము బిగించు" అని వెళ్లే ఆజ్ఞ కిందికి పోదు. మరి అన్న ఎలా కూర్చుంటున్నాడు? కటి వెనక్కి వాల్చి, వీపు విల్లులా వంచి, ఆధారం వెడల్పు చేసుకుని కూర్చుంటున్నాడు. కళ్లతో చూసి సర్దుకుంటున్నాడు. వీపు మీద ఒక పెద్ద కండరం ఉంటుంది, లాటిసిమస్ డోర్సై అని. దానికి నరం మెడ దగ్గర్నుంచి వస్తుంది, దాని కింది కొస మాత్రం కటి దాకా పోతుంది. అంటే దెబ్బ తగిలిన చోటుని దాటి కిందికి పోయే తాడు అది. మనకి చెయ్యి లాగడానికి పనికొచ్చే ఆ కండరాన్ని వీళ్లు కూర్చోవడానికి వాడుకుంటారు. ఇంజినీర్లం కదా, మన భాషలో చెప్పాలంటే అసలు దారి మూసుకుపోతే పక్కదారిన ట్రాఫిక్కు పంపడం.

పక్కదారి గొప్పదే. కానీ దాని మీద ఎంత లోడు పడుతుందో, ఎప్పుడు కూలుతుందో ఎవరైనా కొలవాలా వద్దా? మంచం మీద కదలకుండా కూర్చున్నప్పుడు ఆ దారి సరిపోతుంది. ఆటో బ్రేకు వేసినప్పుడు? రెండు చేతులూ కూర్చోవడానికే ఖర్చయిపోతుంటే అన్నం ముద్ద ఏ చేత్తో తినాలి? తెలియాలంటే ఒకటే మార్గం. ఎవరైనా జాగ్రత్తగా, పట్టుకోవడానికి సిద్ధంగా ఉండి, తోసి చూడాలి.

* * *

ఇప్పుడు కాగితాల సంగతి చూద్దాం. ఇక్కడ లోపం ఏ ఒక్క ఆసుపత్రిదీ కాదు, లెక్క రాసే పద్ధతిది.

వెన్నుపాము గాయాన్ని లోకమంతా అమెరికన్ స్పైనల్ ఇంజురీ అసోసియేషన్ వాళ్ల పట్టీతో కొలుస్తుంది. 1982లో మొదలైంది, తరువాత చాలాసార్లు సవరించారు. ఒళ్లంతా ఒక్కో పక్క 28 చోట్ల దూదితోనూ, గుండుసూదితోనూ ముట్టి చూస్తారు. ఒక్కో పక్క పది కండరాల బలం చూస్తారు. చేతికి అయిదు, కాలికి అయిదు. చివరికి ఏ నుంచి ఈ దాకా ఒక అక్షరం ఇస్తారు. చాలా మంచి పట్టీ. ప్రపంచంలో ఏ మూల డాక్టరైనా చదివి అర్థం చేసుకోగలడు.

కానీ ఆ పది కండరాల్లో మొండేనికి చెందినవి ఎన్ని? సున్నా. ఛాతీ రెండో మెట్టు నుంచి నడుము మొదటి మెట్టు దాకా, అంటే వరసగా 12 మెట్లకి, పరీక్షించే కండరమే లేదు. అక్కడ స్పర్శ ఎంతవరకు ఉంటే కదలిక కూడా అంతవరకు ఉన్నట్టే అనుకుని రాసుకొమ్మంటుంది పద్ధతి. కారణం ఉంది, పొట్ట వీపు కండరాల్ని విడివిడిగా చేత్తో కొలవడం కష్టం. ఒప్పుకుంటాను. కానీ మా అన్నకి దెబ్బ తగిలింది సరిగ్గా ఆ 12 మెట్ల మధ్యలోనే. మనిషి కూర్చోవడమంతా నడిచేది అక్కడే. పట్టీ చేసిన పెద్దలు దాన్ని కూర్చోవడం కొలవడానికి చెయ్యలేదు, గాయాన్ని వర్గీకరించడానికి చేశారు. తప్పు పట్టీది కాదు, ఆ అక్షరం చూసి మొత్తం మనిషి అర్థమైపోయాడనుకునే మనది.

ఇహ సర్కారు లెక్క. సదరం అని ఇప్పటికీ జనం నోట పలికేది, ఇప్పుడు కార్డు మీద యూడీఐడీ. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతమో ఆపైనో ఉంటే చాలా హక్కులు వర్తిస్తాయి. ఆ శాతం తేల్చడానికి 2018 జనవరిలో గెజిట్‌లో మార్గదర్శకాలు వచ్చాయి. అందులో కాళ్ల విషయంలో స్థిరత్వం అనే భాగముంది, తొమ్మిది పనులు, ఒక్కోదానికి పది శాతం. చదునుగా ఉన్నచోట నడవడం, ఏటవాలు మీద నడవడం, మెట్లెక్కడం, రెండు కాళ్ల మీద నిలబడటం, దెబ్బతిన్న కాలి మీద నిలబడటం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేయడం, మోకాళ్ల మీద నిలవడం, మలుపు తిరగడం. మన దేశపు మనిషి నేల మీద కూర్చుంటాడని గుర్తుపెట్టుకున్నందుకు రాసినవాళ్లకి దండం పెట్టాలి. కానీ తొమ్మిదిట్లో ఒక్కటి కూడా "కుదుపు వస్తే ఏమవుతుంది" అని అడగదు. అన్నీ మనిషి తనంతట తాను, తన ఇష్టం వచ్చినప్పుడు మొదలుపెట్టే పనులే.

అన్నకి శాతం తక్కువ వచ్చిందని నా ఏడుపు కాదు. పూర్తి పారాప్లీజియాకి శాతం బాగానే వస్తుంది. పింఛనుకి ఆ అంకె చాలు. ఆటో ఎక్కడానికి చాలదు. అసలు నష్టపోయేది పాక్షికంగా దెబ్బతిని, కర్ర పట్టుకునో పట్టుకోకుండానో నడిచేవాళ్లు. చదునుగా ఉన్న గదిలో పదడుగులు వేసి చూపిస్తారు, "నడుస్తున్నాడుగా" అంటారు. మేడ్చల్ బస్టాండులో ఎవరో భుజం తగిలించి పోతే అడుగు పడక నిలువునా కూలతారు. 2019లో వివిధ దేశాల అధ్యయనాలన్నీ కలిపి లెక్కేస్తే, వెన్నుపాము గాయం తరువాత నడవగలిగేవాళ్లలో ఏడాదికి కనీసం ఒకసారి పడేవాళ్లు 78 శాతం, చక్రాల కుర్చీ వాడేవాళ్లలో 69 శాతం అని తేలింది. చూశారా, నడిచేవాళ్లే ఎక్కువ పడుతున్నారు. మన పట్టీలు మాత్రం నడిచేవాడికి ఏ బాధా లేదంటాయి.

* * *

పరీక్షలు లేవా అంటే, బోలెడున్నాయి.

అందరికీ తెలిసింది బెర్గ్ బాలెన్సు స్కేలు. 1989లో కెనడాలో ముసలివాళ్ల కోసం తయారుచేశారు. 14 పనులు, 56 మార్కులు. అందులో రెండు నిమిషాలు ఆనుకోకుండా కూర్చుంటే నాలుక్కి నాలుగు మార్కులు. మంచిదే, కానీ ఇందులోనూ తోసి చూసే పరీక్ష లేదు. బాగా నడిచేవాళ్లు దాదాపు నిండా మార్కులు తెచ్చేసుకుంటారు, వాళ్ల మధ్య తేడా తెలియదు.

1998లో ముగ్గురు పరిశోధకులు కూర్చుని చేసే రీచ్ టెస్టుని వెన్నుపాము గాయమైనవాళ్ల మీద పరీక్షించారు. గోడకి స్కేలు పెట్టి, కూర్చున్న మనిషిని పడకుండా ఎంత ముందుకి చెయ్యి చాచగలవో చూపించమనడం. ఖర్చు ఓ స్కేలు. మెడ దగ్గర, ఛాతీ పైన, ఛాతీ కింద దెబ్బతిన్న మూడు గుంపుల మీద చేశారు. ఛాతీ కింది మెట్లలో దెబ్బతిన్నవాళ్లు మిగతావాళ్ల కన్నా ముందుకి చాచగలిగారు. ఉపయోగమైన అంకె. కానీ ఒక మాట, ఇది కూడా మనిషి తెలిసి చేసే పనే. ఎంత దూరం ధైర్యంగా వంగగలడో చెబుతుంది, కుదుపుకి ఏం చేస్తాడో చెప్పదు. కాబట్టి ఇదొక్కటే చేసి "రియాక్షన్లు చూశాం" అనడం కూడా దొంగ లెక్కే.

ఫంక్షన్ ఇన్ సిట్టింగ్ టెస్టు అని ఇంకోటుంది. 2010లో పక్షవాతం వచ్చినవాళ్ల కోసం వచ్చింది, తరువాత వెన్నుపాము గాయాలవాళ్ల మీదా వాడి చూశారు. ఇందులో 14 అంశాలు. మొదటి మూడూ ఏంటో తెలుసా? ముందునుంచి, వెనకనుంచి, పక్కనుంచి మెల్లగా తోయడం! ఆ తరువాత కళ్లు మూసుకుని కూర్చోవడం, నేల మీది వస్తువు తియ్యడం, వెనకున్నది అందుకోవడం, పక్కకి జరగడం. మా అన్న బతుకంతా ఆ 14లో ఉంది.

నిలబడగలిగేవాళ్లకి మినీ బెస్ట్ టెస్టు. 14 అంశాలు, 28 మార్కులు. అందులో మూడు ఇలా ఉంటాయి. రోగిని పరీక్ష చేసేవాళ్ల చేతుల మీదికి వాలమంటారు, ఉన్నట్టుండి చేతులు తీసేస్తారు. ముందుకి, వెనక్కి, పక్కకి. ఒక్క అడుగుతో నిలదొక్కుకున్నాడా, నాలుగు అడుగులు తడబడ్డాడా, అసలు అడుగే పడలేదా.. అది చూసి మార్కు వేస్తారు. కావాల్సిన సామాను ఓ స్పాంజి దిమ్మె, ఏటవాలు పలక, కుర్చీ, గడియారం. పట్టే సమయం పావుగంట.

(ఇది చదివి ఇంట్లో ఎవరూ ప్రయోగాలు చెయ్యకండి. వెనక ఒక మనిషి, నడుముకి పట్టీ, నేర్చుకున్న చెయ్యి.. ఈ మూడూ లేకుండా తోస్తే అది పరీక్ష కాదు, ప్రమాదం.)

* * *

నా మాట విని మా మిత్రబృందంలోనూ, ఒకరిద్దరు వైద్యరంగం స్నేహితుల దగ్గరా వచ్చిన ఎదురు వాదనలు ఇవి.

"టైమెక్కడుంది, బయట క్యూ చూశావా?" చూశాను. ఒకే ఫిజియోథెరపిస్టు, బయట బెంచీ నిండా జనం. నిజమే. కానీ పావుగంట మిగిల్చినందుకు విరిగిన తొడ ఎముకకి మళ్లీ ఆపరేషను థియేటరు, మళ్లీ వార్డు, మళ్లీ అదే ఫిజియోథెరపిస్టు. మా సాఫ్టువేరులో దీన్ని టెక్నికల్ అప్పు అంటాం. ఎగ్గొట్టలేం, వడ్డీతో కట్టడమే. ఇంకో మాట. 2025 సెప్టెంబరులో ఫిజియోథెరపిస్టులు పేరు ముందు డాక్టరు అని పెట్టుకోవాలా వద్దా అని దేశమంతా కత్తులు దూసుకుంది. దానికి దొరికిన టైములో పదోవంతు, వాళ్లు చేసే పరీక్షలకి డిశ్చార్జి కాగితంలో ఎంత చోటివ్వాలి అన్నదానికి దొరికుంటే బాగుండేది. పేరు ముందు రెండక్షరాలు కాదు, కాగితం మీద ఆరు లైన్లు ఇప్పించండి వాళ్లకి.

"మన దేశంలో ఇవన్నీ కుదరవు." ఈ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. బంగ్లాదేశ్‌లో వేలరీ టేలర్ అనే ఇంగ్లీషు ఫిజియోథెరపిస్టు 1979లో వెన్నుపాము రోగుల కోసం ఒక కేంద్రం పెట్టింది. ఇప్పుడది ఢాకా దగ్గర సావర్‌లో ఉంది. కూర్చునే బాలెన్సు శిక్షణ మీద 2011లో వచ్చిన పేరున్న ఒక అధ్యయనంలో ఆస్ట్రేలియాతో పాటు ఆ కేంద్రం కూడా పాల్గొంది. వాళ్లకి డబ్బు మనకన్నా ఎక్కువుందా? మనకేం తక్కువ? శామీర్‌పేట పక్కన తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ ఉంది, కోవాక్సిన్ టీకా అక్కడ తయారైంది. వైరస్సుని చంపి సీసాలో పెట్టగలిగిన మండలంలో ఒక మనిషి భుజం మీద చెయ్యేసి మెల్లగా తోసి చూడలేమా?

"సరే కొలిచాం. ఆ తరువాత? నరం తిరిగి మొలుస్తుందా?" ఇది గట్టి వాదన, దాటవేయను. పైన చెప్పిన 2011 అధ్యయనంలోనే, కొత్తగా దెబ్బతిన్నవాళ్లకి మామూలు చికిత్సకి తోడు అదనంగా కూర్చునే శిక్షణ ఇస్తే అదనపు లాభమేమీ కనిపించలేదు. నా వాదనకి అడ్డమని ఈ ముక్క దాస్తే అన్యాయం. దానికి ఏడాది ముందు, పాత గాయాలవాళ్ల మీద చేసిన ఇంకో అధ్యయనంలో మెరుగు కనిపించింది. టొరంటోలో పాక్షిక గాయాలవాళ్లకి తోసి మరీ శిక్షణ ఇచ్చినా, మామూలుగా గట్టి బాలెన్సు శిక్షణ ఇచ్చినా, రెండు గుంపులూ తూలినప్పుడు నిలదొక్కుకోవడం మెరుగుపరుచుకున్నాయి. అంటే జవాబు "ఒక్కోసారి అవును, ఒక్కోసారి కాదు".

కానీ కొలిచేది శిక్షణ కోసమొక్కటే కాదే! ఎముక విరిగాక మా అన్నని ఇంకోచోట ఒక చిన్నమ్మాయి చూసింది, ఈమధ్యే ఫిజియోథెరపీ చదువు పూర్తిచేసుకున్న పిల్ల. బెంచీ అంచున కూర్చోబెట్టి, పాదాలు నేలకి ఆనించి, చేతులు ఒళ్లో పెట్టుకోమని, ఎటునుంచో చెప్పకుండా మెల్లగా తోసింది. ముందుకైతే చేతులు చాచి ఆపుకున్నాడు, కొంచెం ఆలస్యంగా. ఎడమకి పర్వాలేదు. కుడికి సగం. వెనక్కి వేలితో నెడితే చాలు, గోడలా పడిపోయాడు, ఆ పిల్లే పట్టుకుంది. కళ్లు మూసుకోమంటే తోయకుండానే ఊగాడు. లేచి కూర్చోగానే బీపీ కూడా చూసింది. పడటం బాలెన్సు వల్లా, బీపీ పడిపోయి కళ్లు తిరగడం వల్లా అన్నది వేరుచెయ్యాలి కదా.

ఇరవై నిమిషాల పని. దాంతో నరం మొలవలేదు. ఏం మారిందో చెబుతాను. ఆటోలో ఛాతీకి అడ్డంగా వెడల్పు పట్టీ వచ్చింది. కూర్చునే పక్క మారింది, కుడివైపు ఇప్పుడు వదినుంటుంది. నవారు మంచం అంచున కూర్చోవడం మానేశాడు, కుంగే మంచం మీద ఆధారం ఉండదు కాబట్టి. చీకట్లో ఊగుతాడని రాత్రి లైటు వెలుగుతోంది. చక్రాల కుర్చీ వీపు కాస్త ఎత్తు పెంచారు, దాంతో ఒక చెయ్యి ఖాళీ అయింది. ఆ చేత్తో ఇప్పుడు ఊళ్లో ఫోన్లు బాగుచేస్తున్నాడు. ఇవన్నీ కలిపి అయిన ఖర్చు నా ఒక నెల కాఫీల ఖర్చంత లేదు. ఇవేవీ "గుడ్" అన్న మాటలోంచి పుట్టవు. వెనక్కి సున్నా, కుడికి సగం అన్న మాటల్లోంచి పుడతాయి.

ఇహ నా సాఫ్టువేరు సోదరుల వాదన. "అన్నా, సెన్సారు పెడదాం, యాప్ చేద్దాం, ఏఐతో పడే ముందే పసిగడదాం." చేద్దాం నాయనా, ఎప్పుడైనా చేద్దాం. ముందు కొలవని డేటాతో ఏ మోడలు తయారుచేస్తావు? నీ దగ్గరున్న కాలమ్‌లో అందరికీ "గుడ్" అనే ఉంది.

* * *

ఇదంతా ఒక్క ఇంటి గొడవ కాదు. మా చుట్టుపక్కల ఒకసారి చూడండి. మేడ్చల్ మీదుగా ఎన్‌హెచ్ 44, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి, రెంటినీ కలుపుతూ ఔటర్. మధ్యలో ఎటు చూసినా కడుతున్న అపార్టుమెంట్లు, పరంజాల మీద పనివాళ్లు. ఊరి చివర తాళ్లు, ఈదులు. మన దేశంలో వెన్నుపాము గాయాలకి ముఖ్య కారణాలు రెండే, ఎత్తు మీంచి పడటం, రోడ్డు ప్రమాదాలు. రెండూ మా ఇంటిముందే ఉన్నాయి.

మొదటి పడటం గురించి సర్కారు ఆలోచించింది, మెచ్చుకోవాలి. 2024 జూలైలో గీత కార్మికులకి కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ తాళ్లు మా అన్నకి రెండేళ్లు ఆలస్యంగా వచ్చాయి, కనీసం ఇంకొకడికి టైముకి వస్తాయి. చెట్టు మీంచి పడితే లెక్క ఉంది, అర్జీ ఉంది, పరిహారం ఉంది. కానీ పడ్డవాడు ఆ తరువాత మంచం మీంచి, ఆటోలోంచి, స్నానాలగది పీట మీంచి పడుతూనే ఉంటాడు. ఆ పడటాలకి లెక్కలేదు, కవచం లేదు. ఎందుకంటే అవి వార్త కాదు. చెట్టు ఎత్తు అరవై అడుగులు, మంచం ఎత్తు అడుగున్నర. విరిగే ఎముకకి మాత్రం ఆ తేడా తెలియదు.

నేను అడిగేది ఎక్కువేం కాదు. వెన్నుపాము గాయంతో ఇంటికెళ్లే ప్రతి మనిషి కాగితంలో "గుడ్", "ఫెయిర్", "పూర్" అనే మాటలు కొట్టేసి, ఈ ఆరు లైన్లు రాయండి. ముందుకి తోస్తే ఏమయ్యాడు. వెనక్కి తోస్తే ఏమయ్యాడు. కుడికి, ఎడమకి ఏమయ్యాడు. కళ్లు మూస్తే ఏమయ్యాడు. ఒక చెయ్యి పనిలో ఉంటే ఎంతసేపు నిలిచాడు. ఎంత దూరం చెయ్యి చాచగలిగాడు. పక్కనే ఇంటివాళ్లకి అర్థమయ్యే తెలుగులో ఒక వాక్యం, "ఈయన వెనక్కి పడతాడు, వెనక ఆధారం లేకుండా కూచోబెట్టకండి" అని. ఆ ఒక్క వాక్యం వదిన చేతిలో ఉండుంటే ఆ రోజు అన్నని ఆటోలో ఎలా కూర్చోబెట్టాలో ఆమె ముందే అడిగేది. అదే పరీక్ష ఆరు నెలలకోసారి మళ్లీ చెయ్యండి, ఎందుకంటే ఒళ్లు మారుతుంది, పక్కదారులు పెరుగుతాయి, కొన్ని మూసుకుపోతాయి.

రోగుల ఇళ్లవాళ్లకి కూడా ఒక మాట. డిశ్చార్జి రోజున బిల్లు మీద ప్రతి లైను అడుగుతాం కదా, "ఇదేంటి, అదేంటి" అని. బాలెన్సు లైను దగ్గర కూడా ఆగండి. "ఎలా చూశారు సార్? తోసి చూశారా?" అని అడగండి. నేను అడగలేదు. టెస్టింగు చేసి బతికేవాణ్ణి, ఆ లైను చదివి కూడా అడగలేదు. అందుకే ఈ కోపంలో సగం నా మీదే.

పోయిన ఆదివారం వెళ్లినప్పుడు అన్న ఒక ఫోను విప్పి కూర్చున్నాడు. బాగయిందా అంటే స్క్రీను వెలిగించి చూపించాడు. నేను చేతిలోకి తీసుకోబోతే ఆపి, దాన్ని బల్ల మీద రెండుసార్లు టకటకా కొట్టి, కింద బొంత మీదికి ఒకసారి జారవిడిచి, మళ్లీ తీసి వెలిగించాడు.

"గిట్ల కొట్టి చూడకుండ ఇయ్యద్దు తమ్మీ. మనింట్ల వెలిగితే ఏంది? ఆళ్ల జేబుల పోయినంక వెలగాలె."